పరవాడ బావినీరు, విశ్వవిద్యాలయ గ్రంథాలయం

పరవాడ చేరిన వారికి ముందుగా కంటబడేవి రెండు. ఒకటి సింహాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రపు పొగగొట్టాలు, శీతలీకరణ గోపురాలు. రెండవది జవహర్‌లాల్ నెహ్రూ ఫార్మాసిటీలోని మందుల కర్మాగారాల వరుస. సింహాద్రిలో ఒక్కొక్కటి 500 మెగావాట్ల శక్తిగల నాలుగు యూనిట్లున్నవి. మొదటి రెండూ 2002లో విద్యుత్తునివ్వటం ప్రారంభించినవి. అక్కడ మండేది బొగ్గు. మన దేశపు బొగ్గులో బూడిదపాలు ఎక్కువ. నూరు కిలోల బొగ్గు మండితే 30 మొదలు 45 కిలోల దాకా బూడిద మిగలటం మామూలే.

ఈ ప్రాంతపు ఉన్నత పాఠశాల ఒకదానిలో పదవ తరగతి విద్యార్థి తన సైన్సు ఉపాధ్యాయుణ్ణి ఇట్లా అడిగాడనుకొందాం: "మాస్టారండీ, మా తాతయ్య చిన్నతనంలో మా బావినీరు ఎట్లా ఉండేదో ఇప్పుడూ అట్లాగే ఉన్నదా? ఎవరైనా పరీక్షచేసి చూశారాండీ?"

ఇవి రెండు ప్రశ్నలు. మొదటిదానికి సమాధానం ప్రయోగశాలలో ఉన్నది. రెండవదానికి సమాధానం గ్రంథాలయంలో ఉన్నది. అయితే రెండవది తేలనిదే మొదటిది తేలదు. ఈనాడు ఒక సీసాలో నీరు పట్టి, అందులోని లవణాలను కొలిచి, లీటరుకు ఇన్ని మిల్లిగ్రాములని తేల్చవచ్చును. కాని ఆ అంకె పెరిగినదా, తగ్గినదా అని చెప్పాలంటే పాత అంకె ఒకటి చేతిలో ఉండాలి. 2002కు ముందు ఎవరో ఒకరు ఆ చుట్టుప్రక్కల బావులలో నీరు తీసి, పరీక్షించి, ఫలితాన్ని వ్రాసిపెట్టి ఉండాలి. అది దొరికితే పోల్చటానికి ఆధారం దొరికినట్లే. దొరకకపోతే విద్యార్థి ప్రశ్న సగమే నిలుస్తుంది.

పరవాడకు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉన్నది. 1926లో ఏర్పడిన ఈ విశ్వవిద్యాలయపు ప్రధాన గ్రంథాలయానికి పూర్వపు ఉపాధ్యక్షుడు డాక్టరు వి. ఎస్. కృష్ణ పేరు పెట్టారు. లక్షలాది గ్రంథాలు గల ఈ భాండాగారానికి చాలకాలం అధిపతిగా ఉన్నవారు కవి అబ్బూరి రామకృష్ణారావు. గ్రంథాలయ శాస్త్రంలో శిక్షణ 1935లోనే ఇక్కడ మొదలైంది. దేశంలోని చాల విశ్వవిద్యాలయాలకు అప్పటికి ఆ ఆలోచనైనా రాలేదు.

కార్డుల కాలంలో మన ఉపాధ్యాయుడు బస్సెక్కి ఇక్కడికి వస్తే ఏమి చేసి ఉండేవాడు? ముందుగా సొరుగుల బీరువా దగ్గర నిలబడేవాడు. ఒక్కొక్క సొరుగులో వందల కార్డులు. గ్రంథకర్త పేరుతో కొన్ని, గ్రంథనామంతో కొన్ని, విషయాన్నిబట్టి కొన్ని. అవి చూపేది పుస్తకాలను మాత్రమే. పత్రికలలో వచ్చిన పరిశోధన వ్యాసాలు కావలెనంటే ఇంకొక గదిలో ఉన్న సంక్షేప సంపుటాలను తిరగవేయాలి. రసాయన శాస్త్రానికి 1907 నుండి వెలువడుతూ వచ్చిన 'కెమికల్ ఆబ్‌స్ట్రాక్ట్స్' ఒక్కటే అనేక బీరువాలు నిండేది. భూగర్భ శాస్త్రానికి మరొకటి, వైద్యానికి మరొకటి. పిహెచ్.డి. పట్టాల కోసం సమర్పించిన సిద్ధాంత గ్రంథాలు వేరొక చోట. ఒకే ప్రశ్నను నాలుగు చోట్ల, నాలుగు పద్ధతులలో అడగాలి. సాయంకాలమయ్యేసరికి చేతిలో అయిదారు కార్డు సంఖ్యలు మిగిలితే గొప్పే.

చదువరి కాలాన్ని మిగల్చటం గ్రంథాలయపు ప్రాథమిక ధర్మాలలో ఒకటని 1931లోనే సూత్రీకరించినవాడు ఎస్. ఆర్. రంగనాథన్. ఆయన గణితోపాధ్యాయుడు, 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధిపతి అయినాడు. లెక్కల మాస్టారు ఒకరు గ్రంథాలయంలో అడుగుపెట్టటం వల్ల మన దేశపు గ్రంథాలయ శాస్త్రానికి ఎంత మేలు జరిగిందో చెప్పటానికి వేరే వ్యాసం కావాలి.

నేడు పెద్ద విశ్వవిద్యాలయాల గ్రంథాలయాలు ఈ సొరుగులన్నిటినీ ఒకే కిటికీ వెనుకకు చేర్చినవి. దీనినే ఏకీకృత శోధన అంటారు. కంప్యూటరు తెరమీద ఒక గడి ఉంటుంది. అందులో మాట వ్రాస్తే పుస్తకాలు, పత్రికా వ్యాసాలు, సిద్ధాంత గ్రంథాలు, నివేదికలు ఒకే వరుసలో వచ్చి నిలుస్తవి. ఈ పని రెండు రకాలుగా జరగవచ్చును.

మొదటి పద్ధతి ఇది. వంటకు కావలసిన సరుకు ఏ సంతలో ఉన్నదో తెలియని గృహస్థు పదిమంది కుర్రవాళ్ళను పది సంతలకు పంపించాడనుకోండి. అందరూ తిరిగివస్తేగాని వంట మొదలుకాదు. అందరికంటే నెమ్మదిగా నడిచేవాడే వేళను నిర్ణయిస్తాడు. తొలినాటి ఉమ్మడి శోధన యంత్రాలు ఇట్లాగే పనిచేసేవి. ప్రశ్న అడిగిన క్షణంలో పది భాండాగారాలకూ కబురు పంపి, జవాబుల కోసం ఎదురుచూసేవి. రెండవ పద్ధతిలో గృహస్థు ముందే అన్ని సంతలూ తిరిగి, ఎక్కడ ఏ సరుకు ఉన్నదో ఒక చిట్టాలో వ్రాసి ఉంచుకొంటాడు. అడిగినప్పుడు చిట్టా చూస్తే చాలును. 2009 ప్రాంతాల నుండి ప్రపంచపు పెద్ద గ్రంథాలయాలలో ఈ రెండవ పద్ధతి వ్యాపించింది. ప్రచురణకర్తలు తమ వ్యాసాల వివరపత్రాలను, అనగా రచయిత, శీర్షిక, సంవత్సరం, సంక్షేపం మొదలైనవాటిని, ముందుగానే అందజేస్తారు. వాటినన్నిటినీ కలిపి ఒక మహాసూచిక తయారుచేస్తారు. ఒక్క విషయం మాత్రం మరువరాదు. గృహస్థు వెళ్ళని సంత చిట్టాలో ఉండదు. తెరమీద ఫలితం సున్న వచ్చినంత మాత్రాన పరిశోధన జరగలేదని అర్థం కాదు.

ఈ మహాసూచిక నిర్మాణం చూడదగినది. పాఠ్యపుస్తకం చివర పదసూచి ఉంటుంది. 'ఆక్సీకరణం' అనే మాట ఎదుట 14, 37, 90 అని పుటల సంఖ్యలుంటవి. కంప్యూటరు చేసేదీ అదే, కాకపోతే ప్రతి మాటకూ చేస్తుంది. పది లక్షల వివరపత్రాలకు వరుస సంఖ్యలు వేసి, ఏ మాట ఏ సంఖ్యగల పత్రాలలో ఉన్నదో పట్టీలు కడుతుంది. ఉదాహరణకు 'పరవాడ' అనే మాట పట్టీలో 4, 19, 27, 52 ఉన్నవనుకొందాం. 'భూగర్భజలం' పట్టీలో 3, 19, 27, 40, 52, 61 ఉన్నవనుకొందాం. రెండు పట్టీలనూ ప్రక్కప్రక్కన పెట్టి రెండు వ్రేళ్ళతో క్రిందికి జరుపుతూ పోతే ఉమ్మడి సంఖ్యలు 19, 27, 52 అని క్షణంలో తేలుతుంది. పత్రాలన్నిటినీ చదవవలసిన పనిలేదు. గణితంలో సమితుల ఛేదనమని విద్యార్థులు నేర్చుకొనేది ఇదే. 'రెండూ ఉండాలి' అంటే ఛేదనం. 'ఏదో ఒకటి ఉన్నా చాలును' అంటే సమ్మేళనం. 'ఇది ఉండరాదు' అంటే భేదం. ఇట్టి తర్కాన్ని బీజగణితంగా మలచి జార్జి బూలు 1854లో గ్రంథం వ్రాసినప్పుడు గ్రంథాలయాలకు అది పనికివస్తుందని ఎవరూ ఊహించి ఉండరు.

ఏ పత్రాలు సరిపోయినవో తేలిన తరువాత ఏది ముందు, ఏది వెనుక అనే ప్రశ్న మిగులుతుంది. ఇందుకు ఒక తెలివైన ఉపాయం ఉన్నది. అరుదైన మాటకు విలువ ఎక్కువ, అందరూ వాడే మాటకు విలువ తక్కువ. పది లక్షల పత్రాలలో 'నీరు' లక్ష పత్రాలలో కనబడిందనుకొందాం. మొత్తాన్ని దానితో భాగిస్తే 10 వస్తుంది. దాని సంవర్గమానం 1. 'పరవాడ' పది పత్రాలలోనే కనబడితే భాగఫలం 1,00,000, సంవర్గమానం 5. అంటే 'పరవాడ' అనే మాట 'నీరు' కంటె అయిదు రెట్లు బరువు తూగుతుంది. ఈ కొలతను 1972లో కారెన్ స్పార్క్ జోన్స్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త ప్రతిపాదించింది. నేటి శోధన యంత్రాలు ఇంకా ఎన్నో హంగులు చేర్చుకొన్నా పునాదిలో ఈ ఆలోచన ఉన్నది.

ఇంత తెలివిగల యంత్రం పరవాడ దగ్గరికి వచ్చేసరికి తడబడుతుంది. కారణం అక్షరాలు. పరిశోధన వ్యాసాలలో అధికభాగం ఇంగ్లీషులో ఉన్నవి. ఈ ఊరి పేరును ఇంగ్లీషులో కొందరు 'డబ్ల్యు' అక్షరంతో వ్రాస్తారు, కొందరు 'వీ' అక్షరంతో వ్రాస్తారు. మనిషికి రెండూ ఒకటే ఊరు. యంత్రానికి అవి రెండు వేరువేరు పట్టీలు. ఒక వర్ణక్రమంతో వెదకి ఊరుకొన్నవాడు రెండవ వర్ణక్రమంతో వ్రాసిన వారి శ్రమనంతటినీ పోగొట్టుకొంటాడు. ప్రక్కనున్న నగరం సంగతి మరీ చిక్కు. పాత రచనలలో అది వైజాగపటం, తరువాత విశాఖపట్నం, వాడుకలో వైజాగు. విశ్వవిద్యాలయపు ఆచార్యులు తమ చిరునామాగా చాలకాలం వాల్తేరు అని వ్రాసేవారు. భీమునిపట్నం ఎర్రమట్టి దిబ్బలను గురించి చదవదలచినవారు భీమిలి, భీమునిపట్నం, బిమ్లిపటం అనే మూడు పేర్లనూ అడగవలసిందే.

ఊళ్ళ పేర్లకు తోడు పాలనా విభాగాలు మారుతూ వచ్చినవి. మండలాలు ఏర్పడింది 1985లో. అంతకు ముందరి రచనలలో తాలూకా పేరే ఉంటుంది. పరవాడ మండలం 2022 ఏప్రిల్ దాకా విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఆ నెలలో ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో ఇప్పుడున్నది. 'అనకాపల్లి జిల్లా, భూగర్భజలం' అని అడిగితే 2022కు తరువాతి పనులే ఎక్కువగా కనబడతవి. మన విద్యార్థికి అత్యవసరమైన 2002కు ముందరి అంకెలు పాత జిల్లా పేరు క్రింద నిద్రపోతుంటవి.

విషయాన్ని తెలిపే మాటలకూ ఇదే గతి. బొగ్గు బూడిదను కొందరు ఫ్లై యాష్ అన్నారు, బ్రిటిషువారు పల్వరైజ్డ్ ఫ్యుయెల్ యాష్ అన్నారు, మరికొందరు కోల్ కంబస్చన్ రెసిడ్యూ అన్నారు. గ్రౌండ్‌వాటర్ అనేదాన్ని ఒకే మాటగా వ్రాసేవారున్నారు, విడదీసి రెండు మాటలుగా వ్రాసేవారున్నారు. ఇంకొక మార్గం ఈ ప్రాంతపు రాతి పేరు. విశాఖ కొండలలో విస్తారంగా కనబడే శిల ఖొండలైటు. తూర్పు కనుమలలో నివసించే ఖోండు జాతివారి పేరున దానికా పేరు వచ్చింది. ఈ శిల పైభాగం శిథిలమై గుల్లబారిన చోట్ల నీరు నిలుస్తుంది. కనుక 'ఖొండలైటు, భూగర్భజలం' అని కలిపి అడిగితే పరవాడ పేరు ఎత్తని భూగర్భ శాస్త్రజ్ఞుల రచనలు కూడ బయటపడే అవకాశమున్నది. బావి ఎవరి ఊరిలో ఉన్నా దాని అడుగున ఉండేది రాయే కదా!

ఇక తెలుగులో వెదకటం. ఇంగ్లీషులో 'పరవాడలో' అనటానికి రెండు మాటలు కావాలి. తెలుగులో విభక్తి మాటకే అంటుకొంటుంది. పరవాడ, పరవాడలోని, పరవాడకు, పరవాడనుండి — మాట చివరను తొలగించి మూలాన్ని పట్టుకొనటం నేర్వని యంత్రానికి ఇవి నాలుగు మాటలు. నీరు, నీళ్ళు, నీటి అనే మూడింటికీ చుట్టరికం ఉన్నదని దానికి ఎవరైనా చెప్పాలి. విశాఖపట్నం అని కొందరు, విశాఖపట్టణం అని కొందరు. గ్రంథాలయం అనే మాటలోనే ఒత్తు 'థ'కు బదులు 'ధ' వ్రాసేవారు వేలమంది. తెలుగు గ్రంథాలు వెదికేటప్పుడు పొట్టి మూలరూపంతో మొదలుపెట్టి, రెండుమూడు వర్ణక్రమాలు ప్రయత్నించటం మంచిది.

అన్ని పేర్లూ, అన్ని మాటలూ 'లేదా'తో కలిపి అడిగితే సరిపోదా అని సందేహం రావచ్చును. అప్పుడు వేరే చిక్కు వస్తుంది. ఇంగ్లండులోని క్రాన్‌ఫీల్డు కళాశాలలో సిరిల్ క్లెవర్డన్ 1950ల చివరినుండి 1960ల దాకా ఈ విషయమై ప్రయోగాలు చేశాడు. మనకు పనికివచ్చే వ్యాసాలు మొత్తం 40 ఉన్నవనుకొందాం. వెదికితే 50 వచ్చినవి. వాటిలో పనికివచ్చేవి 20. ఉన్న 40లో 20 పట్టుకొన్నాం గనుక శోధన సమగ్రత సగం. వచ్చిన 50లో 20 మాత్రమే నికరమైనవి గనుక కచ్చితత్వం అయిదింట రెండు వంతులు. వల పెద్దదిచేస్తే సమగ్రత పెరుగుతుంది, కాని చెత్త కూడ పడి కచ్చితత్వం తగ్గుతుంది. బిగిస్తే చెత్త తగ్గుతుంది, మంచి చేపలూ తప్పించుకొంటవి. సాధారణంగా ఒకటి పెరిగితే రెండవది తరుగుతుందని ఆయన ప్రయోగాలు చూపినవి. పరవాడవంటి చిన్న చోటును గురించి వెదికేటప్పుడు మొదట పెద్ద వలే వేయాలి. ఉన్నవే కొద్ది, వాటిలో ఒక్కటి తప్పినా నష్టం. తరువాత ప్రక్కనుండే సంవత్సరాల జల్లెడతో 2001 వరకని పరిమితి పెట్టి పాతవాటిని విడదీయవచ్చును. యంత్రాన్ని దాని ఇష్టానికి వదలివేస్తే చాలసార్లు కొత్త వ్యాసాలను పైన పెడుతుంది. పాత సిద్ధాంత గ్రంథం ఎక్కడో ఏడవ పుటలో పడి ఉంటుంది. ఏడవ పుట దాకా పోయే ఓపిక ఎందరికి ఉంటుంది?

సిద్ధాంత గ్రంథాల విషయంలో ఒక మెలకువ అవసరం. శీర్షికలో 'విశాఖపట్నం పారిశ్రామిక ప్రాంతం' అని మాత్రమే ఉండి, పరవాడ బావుల అంకెలు మూడవ అధ్యాయంలోని పట్టికలో దాగి ఉండవచ్చును. పాత గ్రంథాలను ఛాయాచిత్రాలుగా తీసి ఎక్కించి ఉంటే లోపలి అక్షరాలు యంత్రానికి చదవరావు. అందుచేత ఊరిపేరుతో దొరకనప్పుడు జిల్లా పేరుతో వెదకి, దొరికిన గ్రంథాన్ని తెరచి, నమూనాలు తీసిన చోట్ల పటాన్ని స్వయంగా చూడాలి.

ఉన్నత పాఠశాల ఉపాధ్యాయునికి ఈ భాండాగారాలు తెరచి ఉన్నవా? కొన్ని ఉన్నవి. గాంధీనగరులోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం 'శోధగంగ' అనే పేరుతో భారత విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలను ఒకచోట చేర్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం వారివి కూడ అందులో ఉన్నవి. చదవటానికి రుసుము లేదు, ఎవరైనా చదవవచ్చును. ఏ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఏ పుస్తకం ఉన్నదో తెలిపే ఉమ్మడి జాబితా 'ఇండ్‌క్యాట్' కూడ ఆ కేంద్రానిదే. ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. నిర్మించిన జాతీయ డిజిటల్ గ్రంథాలయం 2018లో దేశానికి అంకితమైంది. అదొక ఏకీకృత శోధన కిటికీ. పాఠశాల స్థాయి నుండి పరిశోధన స్థాయి వరకు వెదకవచ్చును, తెలుగు గ్రంథాలూ ఉన్నవి.

పత్రికా వ్యాసాల దగ్గర తలుపు బిగుసుకొంటుంది. శీర్షిక, సంక్షేపం అందరికీ కనబడతవి. పూర్తి వ్యాసం కావలెనంటే విదేశీ ప్రచురణ సంస్థలు వేల రూపాయలడగటం కద్దు. ఈ భారం తగ్గించటానికి కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న 'ఒకే దేశం, ఒకే చందా' పథకాన్ని ఆమోదించింది. 2025 జనవరి 1 నుండి అది అమలులోకి వచ్చింది. 30 ప్రచురణ సంస్థలకు చెందిన సుమారు 13,000 పత్రికలు, 6,300కు పైగా ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు, పరిశోధన సంస్థలకు అందుతవి. మూడు సంవత్సరాలకు కేటాయించినది 6,000 కోట్ల రూపాయలు. ఉన్నత పాఠశాలలు ఈ జాబితాలో లేవు. పరవాడ నీటిని గురించిన వ్యాసం పరవాడ బడిలో తెరచుకోకపోవటం వింతే, కాని దారులు లేకపోలేదు. రుసుములేని ప్రతి ఎక్కడైనా ఉన్నదేమో శోధన యంత్రంలోనే 'అందరికీ అందుబాటు' అనే జల్లెడ వేసి చూడవచ్చును. చాలమంది రచయితలు తమ వ్యాసపు ముందు ప్రతిని ఉచితంగా ఉంచుతారు. వ్యాసం మీద ఉండే చిరునామాకు ఉపాధ్యాయుడు మర్యాదగా నాలుగు పంక్తులు వ్రాస్తే ప్రతి పంపే ఆచార్యులున్నారు; తమ పని ఎవరో చదవదలచారంటే సంతోషించనివారు అరుదు. దగ్గరలోని ప్రభుత్వ డిగ్రీ కళాశాల గ్రంథాలయాధికారిని అడగటం మరొక దారి.

ఈ మధ్య కొందరు గ్రంథాలయాన్ని వదలి, మాటలాడే కంప్యూటరు యంత్రాలను నేరుగా అడుగుతున్నారు. అవి చక్కని వాక్యాలు చెబుతవి. ఒక్కొక్కప్పుడు పుట్టని వ్యాసాలకు కూడ రచయిత పేరు, సంవత్సరం, పుటల సంఖ్య కల్పించి ఇస్తవి. అట్లా వచ్చిన ప్రతి పేరునూ సూచికలో వెదకి, ఉన్నదని తేలిన తరువాతనే వాడాలి. ఈ పరీక్షకు రెండు నిమిషాలు చాలును.

పాత అంకె దొరికిందనుకొందాం. పరవాడ ప్రాంతపు ఒక బావిలో కరిగిన లవణాలు లీటరుకు ఇన్ని మిల్లిగ్రాములని ఒక సిద్ధాంత గ్రంథం చెబుతున్నది. త్రాగునీటికి భారత ప్రమాణం ప్రకారం వాంఛనీయమైన హద్దు 500 మిల్లిగ్రాములు. వెంటనే పోల్చి తీర్పు చెప్పరాదు. ఆ నీరు ఏ నెలలో తీశారు? వానలకు ముందు తీసిన నీటిలో లవణాలు చిక్కబడి ఉంటవి, వానల తరువాత పలచబడతవి. మే నెల అంకెను నవంబరు అంకెతో పోలిస్తే కర్మాగారాల ప్రభావం కాదు, ఋతువుల ప్రభావం కొలిచినట్లవుతుంది. అది నుయ్యియా, గొట్టపు బావియా? లోతెంత? సముద్రానికి ఎంత దూరం? పాత రచయిత మిల్లిగ్రాములు వాడాడా, పదిలక్షలలో వంతులు వాడాడా? ఈ వివరాలన్నీ గ్రంథపు పేరు, రచయిత, సంవత్సరం, పుట సంఖ్యతో సహా ఒక నోటుపుస్తకంలో ఎక్కించుకోవాలి. ఏ మాటలతో, ఏ తేదీన, ఏ భాండాగారంలో వెదికితే ఎన్ని ఫలితాలు వచ్చినవో కూడ వ్రాసుకొంటే, వచ్చే ఏడు అదే తరగతికి వచ్చే విద్యార్థులు మళ్ళీ మొదటినుండి వెదకనక్కరలేదు. ఆ తేదీకి తరువాత వచ్చినవి చూస్తే చాలును. ఆ తరువాత అదే బావి దగ్గరికి, అదే నెలలో, శుభ్రంగా కడిగిన సీసాతో వెళ్ళటం మిగిలి ఉంటుంది.